నాన్న క్యాలెండరు నుంచి డేటాబేస్ దాకా: ఒక ఫిట్‌నెస్ యాప్ ప్రాజెక్టు డైరీ

జనవరి 12, 2025, ఆదివారం

సంక్రాంతి సెలవులకు హనుమకొండలోని ఇంటికి వచ్చిన రోజే ఈ ప్రాజెక్టుకు అసలైన ముడిసరుకు దొరికింది. వంటింటి తలుపు వెనక మేకుకు మూడు సంవత్సరాల గోడ క్యాలెండర్లు ఒకదానిమీద ఒకటి వేలాడుతున్నాయి. తిథులకూ వర్జ్యాలకూ పోగా ప్రతి గడిలో మిగిలిన కాస్త జాగాలో మా నాన్నగారు నీలం పెన్నుతో తన ఆరోగ్యం లెక్కలు రాసిపెట్టుకున్నారు. 2023 ఏప్రిల్ 17వ తేదీ గడిలో ఇలా ఉంది: ‘71.4, 6 రౌం, ప 118’. అంటే ఆ రోజు బరువు 71.4 కిలోలు, కాలేజీ గ్రౌండు చుట్టూ నడిచినవి ఆరు రౌండ్లు, పరగడుపున చూసుకున్న షుగరు 118. కొన్ని గడులు ఖాళీగా ఉన్నాయి. మరికొన్నిటిలో అంకెలకు బదులు ‘ఊరు’ అని ఒక్క మాట ఉంది, అంటే ఆ రోజు ఆయన ఇంట్లో లేరు.

ఆరు నెలలుగా నా ఒక్కడి కోసం కోట్లిన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసుకుంటున్న యాప్‌లో, ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్‌లో టేబుల్ ఒకటే ఉంది. రోజుకు ఒక వరస. ఆ వరసలో తేదీ, బరువు, అడుగులు, దూరం, కేలరీలు అనే అయిదు కాలమ్‌లు. తేదీ తప్ప మిగిలినవన్నీ దశాంశ సంఖ్యలు, ఏమీ రాయకపోతే సున్నా. నాన్నగారి గడిని ఇందులో కూర్చోబెట్టాలని చూస్తే షుగరుకు చోటు లేదు, రౌండ్లకు చోటు లేదు, ‘ఊరు’ అన్న మాటకైతే బొత్తిగా లేదు. ప్రస్తుతానికి రెండు నెలల బరువులు మాత్రం ఎక్కించి, రోజూ రాసుకోమని యాప్‌ను ఆయన ఫోన్‌లో పెట్టాను.

జనవరి 15, కనుమ

సంక్రాంతి నాడు పొద్దున్నే సకినాలు, అరిసెలు తిన్న తర్వాత బరువు చూసుకునే ధైర్యం లేక నాన్నగారు మిషను ఎక్కలేదు. ఈ రోజు గ్రాఫు తెరిచి చూస్తే గీత 13వ తేదీ దగ్గర 72 మీద ఉండి, 14వ తేదీన నేలకు దిగి, 15న మళ్లీ పైకి లేచింది. ఆయన ఫోను నా ముందు పెట్టి, ‘ఏంరా, పండుగ నాడు నా బరువు సున్నా అని చూపెడుతున్నది, ఆ రోజు నేను లేనా?’ అని అడిగారు. నవ్వాను కానీ, తప్పు పూర్తిగా నాదే. కొలవకపోవడమూ, కొలిస్తే సున్నా రావడమూ ఒకటి కాదన్న సంగతి ఆయన క్యాలెండరుకు తెలుసు, ఎందుకంటే అక్కడ కొలవని రోజు గడి ఖాళీగానే ఉంటుంది. నా టేబుల్‌కు తెలియదు.

సున్నాకు బదులు నల్ (విలువ లేదన్న గుర్తు) అని పెట్టడం సులభమైన మరమ్మతు. కానీ రేపు బీపీ, ఎల్లుండి నడుము కొలత వచ్చిన కొద్దీ కాలమ్‌లు పెరిగి, ప్రతి వరసలో సగానికి పైగా నల్‌లే ఉంటాయి. పైగా పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి షుగరు చూసుకున్న రోజున రెండో అంకె ఎక్కడ పెట్టాలో తెలియదు. అందుకని రోజుకు ఒక వరస అన్న పద్ధతినే వదిలి, కొలతకు ఒక వరస అన్న పద్ధతికి మారాను. కొత్త టేబుల్‌లో ప్రతి వరసకూ ఒక ఐడీ, ఎప్పుడు కొలిచారన్నది, ఏమి కొలిచారన్న రకం కోడ్, విలువ, ఏ సందర్భంలో అన్నది (పరగడుపున, తిన్నాక రెండు గంటలకు వంటివి), ఎక్కడి నుంచి వచ్చిందన్న మూలం ఉంటాయి. కొలవని రోజుకు అసలు వరసే ఉండదు.

ఇలా పొడవుగా, సన్నగా ఉండే టేబుల్‌కు ఒక ఇబ్బంది ఉంది. బరువునూ రౌండ్లనూ పక్కపక్కన చూపాలంటే క్వెరీ (డేటాబేస్‌ను అడిగే ప్రశ్న) కాస్త మెలికలు తిరుగుతుంది. రకం, సమయం అనే రెండు కాలమ్‌లను ఆ క్రమంలోనే కలిపి ఇండెక్స్ (పుస్తకం చివరి సూచిక లాంటిది) చేస్తే ‘గత 90 రోజుల బరువు’ లాంటి ప్రశ్నకు ఇండెక్స్‌లో ఒక ముక్క చదివితే సరిపోతుంది. ఈ యాప్ అడిగే ప్రశ్నల్లో పదింట తొమ్మిది ఆ తరహావే కాబట్టి ఆ బేరం నాకు నచ్చింది.

జనవరి 26, ఆదివారం

మూడు క్యాలెండర్ల ఫొటోలు హైదరాబాదు తీసుకువచ్చి, రోజూ రాత్రుళ్లు కూర్చుని టైపు చేశాను. 2022, 2023, 2024 కలిపి 1,096 గడులు, వాటిలో నిండినవి 871, వాటి నుంచి తేలిన కొలతలు 2,140. ఫైలును యాప్‌లోకి దింపాక ఒక అక్షరదోషం కనబడితే దిద్ది మళ్లీ దింపాను, కొలతలు 4,280 అయ్యాయి. ఒకే ఫైలును ఎన్నిసార్లు దింపినా ఫలితం మారకుండా ఉండాలంటే, ప్రతి రికార్డుకూ అది పుట్టిన చోటే ఒక గుర్తు ఉండాలి. ‘గోడ-2023-04-17-బరువు’ వంటి గుర్తును మూలం పేరుతో కలిపి యూనీక్ నిబంధన (ఒకే గుర్తు రెండుసార్లు ఉండకూడదన్నది) పెట్టాను. రెండోసారి వచ్చిన రికార్డు ఇప్పుడు పాతదాని మీద పడుతుంది, పక్కన చేరదు.

అంతకంటే లోతైన ప్రశ్న సమయానిది. గోడమీది అంకెకు తేదీ ఉంది కానీ గంట లేదు. టేబుల్‌లోని సమయం కాలమ్ మాత్రం 1970 జనవరి 1 నుంచి గడిచిన మిల్లీసెకన్లను అడుగుతోంది. వేరే దారి తోచక ప్రతి రికార్డుకూ ఆ తేదీ అర్ధరాత్రి 00:00 అని పెట్టాను. ఇది తర్వాత నన్ను కాటేస్తుందని అప్పటికే ఒక మూల అనిపించింది.

ఫిబ్రవరి 9, ఆదివారం

డాలస్‌లో ఉన్న తమ్ముడు 5వ తేదీ నుంచి యాప్ వాడుతున్నాడు. వాడి జిమ్ములో అన్నీ పౌండ్లే. మొదటి ఫిర్యాదు నాలుగో రోజుకే వచ్చింది: ‘అన్నా, నేను 165.4 అని రాస్తే అది 165.3 అంటోంది.’

లెక్క వేసి చూస్తే వాడన్నది నిజమే. ఒక పౌండు అంటే కచ్చితంగా 0.45359237 కిలోలు కాబట్టి 165.4 పౌండ్లు 75.024 కిలోలవుతాయి. నా యాప్ దాన్ని ఒక దశాంశానికి కుదించి 75.0 అని దాచింది. చూపేటప్పుడు మళ్లీ పౌండ్లలోకి మార్చగా 165.35కు కాస్త తక్కువ వచ్చి, 165.3గా కనిపించింది. కిలోలో పదో వంతు అంటే దాదాపు 0.22 పౌండు, వాడి మిషను చూపేదేమో 0.1 పౌండు, పెద్ద కన్నాల జల్లెడలో సన్నబియ్యం పోసినట్టయింది.

బరువులన్నీ ఇకపై గ్రాముల్లో, పూర్ణాంకాలుగా ఉంటాయి. దశాంశ సంఖ్యలను కంప్యూటరు ద్విసంఖ్యామానంలో దాచుకుంటుంది కాబట్టి 0.1, 0.2 కలిపితే 0.30000000000000004 రావడం ప్రోగ్రామర్లందరికీ తెలిసిన ముచ్చటే. అయినా ఇన్నాళ్లూ నా యాప్‌లో అది బయటపడకపోవడానికి ఒక తమాషా కారణం ఉంది. మన జిమ్ముల్లోని ప్లేట్లు 1.25, 2.5, 5, 10 కిలోలవి. పావు, అర అనే భిన్నాలు ద్విసంఖ్యామానంలో ఇంచు కూడా తేడా లేకుండా కుదురుతాయి. తప్పు లేక కాదు, నా బరువులు దానికి దొరక్కుండా ఉన్నాయంతే. గ్రాములతో పాటు మనిషి ఏ ప్రమాణంలో రాశాడో కూడా ఒక కాలమ్‌లో ఉంచుతున్నాను. 45 పౌండ్ల ప్లేటును 20,412 గ్రాములుగా దాచినా, తమ్ముడికి చూపేటప్పుడు అది 45గానే కనబడాలి.

ఇదే రోజు మరో లోపం కూడా బయటపడింది. ఎస్‌క్యూలైట్‌లో కాలమ్‌ను ఇంటీజర్ అని ప్రకటించినా, దానిలోకి అక్షరాలు వచ్చి పడితే అది అభ్యంతరం చెప్పదు. నా ఇంపోర్టు ఫైలులో ఒకచోట పొరపాటున ‘71.4కి’ అని ఉంటే, ఆ మాట ఆ మాటగానే విలువ కాలమ్‌లో కూర్చుంది. 2021లో వచ్చిన 3.37 వెర్షన్ నుంచి రకం తప్పితే ఒప్పుకోని స్ట్రిక్ట్ టేబుళ్లు ఉన్నాయి కానీ, నాన్నగారి పాత ఫోన్‌లో ఉన్న ఎస్‌క్యూలైట్ అంతకంటే వెనకటిది. అందుకని విలువ రకం పూర్ణాంకమేనా అని చూసే చెక్ నిబంధనను ప్రతి టేబుల్‌కూ పెట్టాను.

ఫిబ్రవరి 12, బుధవారం

కాటు పడింది. తమ్ముడు నాన్నగారి పాత లెక్కలు చూడాలని ఫైలును తన ఫోన్‌లో దింపుకున్నాడు. అక్కడ ప్రతి కొలతా ఒకరోజు వెనక్కి జరిగి కనిపించింది. ఏప్రిల్ 17 బరువు ఏప్రిల్ 16 కింద ఉంది. మన అర్ధరాత్రి అంటే యూటీసీ అనే ప్రపంచ ప్రామాణిక కాలంలో ముందురోజు సాయంత్రం 18:30, డాలస్‌లో ముందురోజు పగలు. నేను లేని గంటను కల్పించి రాశాను, ఆ కల్పన అమెరికా వెళ్లి తేదీని మార్చింది. దీనికి తిరగేసిన తప్పు కూడా పక్కనే ఉంది. నిన్న రాత్రి ఎనిమిదింటికి డాలస్‌లో వాడు నడిచిన నడక నా ట్యాబ్లెట్‌లో ఈ రోజు ఉదయం ఏడున్నర కింద పడింది. వాడికి మంగళవారం రాత్రి నడక, నాకు బుధవారం పొద్దుటి నడక.

ఈ సాయంత్రమంతా కాగితం మీదే గడిచింది. రికార్డులు రెండు జాతులవని తేలింది. సెన్సరు నుంచి వచ్చిన కొలతకు క్షణం తెలుసు. తేదీ అనేది ఆ క్షణం నుంచి, అప్పుడు మనిషి ఉన్న చోటి గడియారం నుంచి మనం లెక్కగట్టుకునేది. గోడమీది కొలతకు తేదీ తెలుసు. క్షణం ఎవరికీ తెలియదు, ఇక తెలియబోదు కూడా. రెండింటినీ ఒకే కాలమ్‌లో దూర్చడంతోనే ఈ తిప్పలన్నీ వచ్చాయి. ఇప్పుడు టేబుల్‌లో మూడు కాలమ్‌లున్నాయి. ఒకటి యూటీసీ క్షణం, ఇది నల్ కావచ్చు. రెండోది కొలిచినప్పటి ఆఫ్‌సెట్ (యూటీసీకీ అక్కడి గడియారానికీ ఉన్న తేడా) నిమిషాల్లో, అంటే మనకు 330, చలికాలంలో డాలస్‌కు మైనస్ 360; క్షణం లేనప్పుడు ఇదీ నల్. మూడోది రోజు సంఖ్య, అంటే 1970 జనవరి 1ని సున్నాగా తీసుకుని వరసగా లెక్కపెట్టిన రోజు. ఇది నల్ కారాదు. క్షణం ఉన్న రికార్డులకు రోజు సంఖ్యను యాప్ లెక్కగట్టి నింపుతుంది. క్షణం లేని వాటికి అది మనిషి చెప్పిన మాట, దాన్ని యాప్ ముట్టుకోదు.

ఆఫ్‌సెట్‌ను రికార్డులోనే ఎందుకు దాచాలని ఒక మిత్రుడు అడిగాడు. చూసే ఫోను ఎక్కడుందన్నది కాక, కొలిచిన మనిషి ఎక్కడున్నాడన్నది కావాలి కాబట్టి. వేసవిలో తమ్ముడు హైదరాబాదు వచ్చినా, ఫిబ్రవరి 11 రాత్రి నడక ఫిబ్రవరి 11 రాత్రే జరిగింది.

ఫిబ్రవరి 16, ఆదివారం

ఈ ఉదయం నా స్క్రీన్ మీద కనిపించిన నా నడక: మైనస్ 47,900 అడుగులు.

ఆండ్రాయిడ్‌లో 4.4 వెర్షన్ నుంచి ఉన్న స్టెప్ కౌంటర్ సెన్సరు ‘ఈ రోజు ఎన్ని అడుగులు’ అని చెప్పదు. ఫోను చివరిసారి ఆన్ అయినప్పటి నుంచి మొత్తం ఎన్ని అడుగులు పడ్డాయో చెబుతుంది. రెండు రీడింగుల మధ్య తేడా తీసుకోవడం మన పని, కరెంటు మీటరు చూసినట్టే. నిన్న రాత్రి 9:10కి రీడింగు 48,212. రాత్రి అప్‌డేటు వచ్చి ఫోను రీస్టార్ట్ అయింది, కౌంటరు సున్నా నుంచి మొదలైంది. ఉదయం 6:05కి రీడింగు 312. నా ప్రోగ్రాము నమ్మకంగా తీసివేత చేసింది.

కొత్త రీడింగు పాతదాని కంటే తక్కువైతే మీటరు మారిందనుకుని కొత్త రీడింగునే తేడాగా తీసుకోవచ్చు, చాలామంది అలాగే చేస్తారు. కానీ రీస్టార్ట్ అయ్యాక ఫోను రోజంతా జేబులో ఉండి, మధ్యలో యాప్ నడవక, పాత రీడింగును దాటేసిన తర్వాతే చూశామనుకోండి, అప్పుడు తేడా ధనసంఖ్యే వస్తుంది, తప్పు తెలియదు. ఫోను ఎన్నోసారి ఆన్ అయిందన్న బూట్ కౌంట్‌ను ఆండ్రాయిడ్ ఇస్తుంది కాబట్టి, ప్రతి రీడింగు పక్కనా దాన్ని కూడా రాస్తున్నాను. రెండు రీడింగుల బూట్ కౌంట్ ఒకటే అయితే తీసివేత, వేరైతే కొత్త లెక్క. ముఖ్యంగా, ఇకపై తేడాను కాక మీటరు రీడింగునే దాస్తాను. తేడాను దాచి ఉంటే ఈ మైనస్ 47,900ని దిద్దడానికి నా దగ్గర ఏ ఆధారమూ ఉండేది కాదు. ముడి రీడింగులు ఉన్నందువల్ల సూత్రం మార్చి మళ్లీ లెక్కించగానే సరిపోయింది.

అదే వారంలో చెల్లెలి సమస్య. అది ఆస్పత్రిలో నర్సు, రాత్రి ఎనిమిది నుంచి ఉదయం ఎనిమిది దాకా డ్యూటీ. వార్డుల్లో తిరిగిన అడుగులు అర్ధరాత్రి దగ్గర రెండుగా చీలి, ఒక డ్యూటీ రెండు తేదీల కింద సగం సగం పడుతున్నాయి. ఫోన్‌లో ఈ గొడవ చెబుతుంటే అమ్మ మధ్యలో అందుకుని, ‘అర్ధరాత్రి రోజు మారుడేందిరా, సూర్యుడు పొడిస్తేనే గదా దినం మారేది’ అంది. పంచాంగం పద్ధతి అదే; వారం సూర్యోదయంతో మారుతుంది, పండుగ ఏ రోజన్నది కూడా చాలావరకు ఉదయానికి ఏ తిథి ఉందన్న దాని మీదే తేలుతుంది. అమ్మ మాట తీసుకుని ‘రోజు ఎన్నింటికి మొదలు’ అని ఒక సెట్టింగు పెట్టాను. మామూలుగా 0, చెల్లెలికి ఉదయం 9 గంటలు. ఆ సెట్టింగు మారిస్తే క్షణం ఉన్న రికార్డుల రోజు సంఖ్యలన్నీ తిరిగి లెక్క అవుతాయి, గోడ రికార్డులు కదలవు. బుధవారం గీసిన విభజనకు ఇది మొదటి పరీక్ష, నెగ్గింది.

ఫిబ్రవరి 23, ఆదివారం

చేతి గడియారం కొన్నాను. మొదటి రోజే అడుగులు దాదాపు రెట్టింపయ్యాయి. జేబులో ఫోను, చేతికి గడియారం, ఒకే నడకను ఇద్దరు సాక్షులు చెబుతున్నారు.

అడుగుల రికార్డుకు క్షణం సరిపోదని, మొదలు, చివర ఉన్న వ్యవధి కావాలని ఇక్కడ అర్థమైంది. ఈ ఉదయం లెక్కే చూద్దాం. ఫోను 6:00 నుంచి 6:40 వరకు 4,200 అడుగులంది. గడియారం 6:10 నుంచి 7:00 వరకు 5,300 అంది. ఊరికే కూడితే 9,500. నేను రాసుకున్న పద్ధతి ప్రకారం వ్యవధుల మొదళ్లనూ చివర్లనూ అన్నిటినీ ఒక వరుసలో పేర్చి, ఆ గీతల దగ్గర కాలాన్ని ముక్కలు చేయాలి. 6:00–6:10 ముక్కలో ఫోను ఒక్కటే ఉంది. 6:10–6:40లో రెండూ ఉన్నాయి. 6:40–7:00లో గడియారం ఒక్కటే ఉంది. రెండూ ఉన్నచోట ఎవరి మాట నమ్మాలో ముందే నిర్ణయించిన ప్రాధాన్యం చెబుతుంది, నాకు గడియారం. ఫోను చెప్పిన నలభై నిమిషాల్లో పది నిమిషాలే లెక్కకు వస్తాయి కాబట్టి దామాషాలో 1,050, గడియారం 5,300, మొత్తం 6,350. నలభై నిమిషాలూ ఒకే వేగంతో నడిచానన్న ఊహ ఇందులో దాగి ఉంది. టీ కొట్టు దగ్గర ఆగే మనిషికి అది నిజం కాదు, కానీ 9,500 కంటే నిజానికి చాలా దగ్గర.

వ్యవధిలో మొదలును కలుపుకోవాలి, చివరను వదిలేయాలి. అలా చేస్తే 6:40కి ముగిసినదీ 6:40కి మొదలైనదీ ఒకదాన్నొకటి తాకుతాయి కానీ ఒకదాని మీద ఒకటి పడవు. మొదట రెండు కొసలూ కలుపుకుని రాసినందుకు పక్కపక్కనే ఉన్న రికార్డులన్నీ ‘గొడవ పడుతున్నాయి’ అని ప్రోగ్రాము ఒక రాత్రంతా మొత్తుకుంది.

మార్చి 2, ఆదివారం

వ్యాయామం రికార్డు. తమ్ముడికి బరువులు, నాకు దండీలు, బస్కీలు, ప్లాంక్, నాన్నగారికి సూర్య నమస్కారాలు. పైన ఒక సెషన్, దాని కింద వ్యాయామాలు, ఒక్కో వ్యాయామం కింద సెట్లు, ఇలా మూడంతస్తుల నిర్మాణం సహజంగానే వచ్చింది. చిక్కంతా సెట్టు దగ్గరే. బెంచ్ ప్రెస్ సెట్టుకు బరువు, ఎన్నిసార్లు అన్నవి కావాలి, ప్లాంక్‌కు సెకన్లు, బస్కీలకు ఎన్నిసార్లు అన్నది చాలు. అన్నీ ఒకే నిర్మాణంలో పెట్టి అక్కర్లేనివి ఖాళీగా వదిలితే ‘60 సెకన్ల ప్లాంక్, 12 సార్లు, 40 కిలోలు’ అనే అర్థంలేని రికార్డు కూడా చెల్లుబాటవుతుంది. కోట్లిన్‌లో సీల్డ్ క్లాస్‌గా, అంటే ముందే చెప్పిన రకాలు తప్ప మరొకటి ఉండని నిర్మాణంగా, మూడు రకాల సెట్లు రాశాను. రకం ఏదో తెలిస్తే దానికి ఉండాల్సినవే ఉంటాయి, లేనివి రాయడానికి కంపైలరే ఒప్పుకోదు. డేటాబేస్‌లో మాత్రం ఒకే టేబుల్, రకానికి తగ్గ కాలమ్‌లు నిండాయా లేదా అని చూసే చెక్ నిబంధన.

సూర్య నమస్కారాలను ఆసనాలుగా లెక్కించాలా, ఆవృత్తులుగానా అని నాన్నగారిని అడిగితే, పన్నెండు ఆసనాలకు ఒకటి అన్నారు. అలాగే పెట్టాను.

ఒక సెషన్‌ను తీసేస్తే దాని సెట్లు అనాథలుగా మిగిలిపోయాయి. సెట్టును దాని సెషన్‌కు ముడివేసే ఫారిన్ కీ రాసే ఉంది. కానీ ఎస్‌క్యూలైట్‌లో ప్రతి కనెక్షన్‌కూ విడిగా ఆన్ చేస్తే తప్ప అది అమల్లోకి రాదు. ఒక లైను మరమ్మతు, ఒక గంట వెతుకులాట.

మార్చి 10, సోమవారం

తమ్ముడి దగ్గరి నుంచి ఒకే ఒక్క సందేశం: ‘అన్నా, నా వరుస తెగింది.’ ఫిబ్రవరి 5 నుంచి ఒక్కరోజు మానకుండా 33 రోజులు చేశాడు. ఈ ఉదయం 34 రావాల్సిన చోట 1 వచ్చింది.

నిన్న మార్చి రెండో ఆదివారం, అమెరికాలో గడియారాలను గంట ముందుకు జరిపే రోజు. రాత్రి రెండు కాగానే మూడయింది, కాబట్టి డాలస్‌లో నిన్న 23 గంటలే. వరుసను చూసే పాత ఫంక్షన్‌లో ‘నిన్న మొదలైన క్షణానికి 86,400 సెకన్లు కలిపితే ఈ రోజు మొదలైన క్షణం రావాలి’ అని రాసి పెట్టాను. 82,800 దగ్గరే ఈ రోజు మొదలైంది కాబట్టి, మధ్యలో ఏదో రోజు పోయిందని అది తీర్పు చెప్పింది. గడియారాలు జరిపే అలవాటు మన దేశంలో లేదు. నా టెస్టులన్నీ భారత కాలమానంలో నడుస్తున్నందువల్ల ఈ తప్పు ఎన్నేళ్లయినా నాకు కనిపించేది కాదు.

చిన్నబుచ్చే విషయమేమిటంటే, దీనికి మందు ఫిబ్రవరి 12నే తయారుచేసి పెట్టుకున్నాను, ఈ ఒక్క ఫంక్షన్‌కు వాడలేదు. రోజు సంఖ్యల్లో చూస్తే మార్చి 9 అంటే 20,156, మార్చి 10 అంటే 20,157. తేడా ఒకటి; 23 గంటలైనా 25 గంటలైనా ఒకటే. ఫంక్షన్ మార్చి, మార్చి 9తో పాటు నవంబరు 2ను కూడా డాలస్ కాలమానంలో టెస్టుగా చేర్చాను. వరుస 34 అయింది. ఆ సంగతి వాడికి చెబితే బొటనవేలి బొమ్మ ఒకటి వచ్చింది, అంతే.

మార్చి 16, ఆదివారం

హనుమకొండ వెళ్లి, 30 మీటర్ల టేపుతో గ్రౌండు చుట్టూ కొలిచాను. పొద్దుటి నడక వాళ్లందరూ ఏ ఆఫీసు సర్వేనోనని ఆగి అడిగారు. పదిహేడు టేపులూ 12 మీటర్లూ, అంటే 522 మీటర్లు. ఇన్నాళ్లూ ఒక రౌండు 400 మీటర్లని ఊహించి లెక్కగట్టాను. ఆరు రౌండ్లంటే 2,400 కాదు, 3,132 మీటర్లు. టేబుల్‌లో ఉన్నది రౌండ్ల సంఖ్యే కనుక, ‘కాలేజీ గ్రౌండు’ అనే దారి వివరణలో ఒక అంకె మార్చగానే మూడేళ్ల దూరాలన్నీ సరిపడ్డాయి. మొన్నామధ్య మీటర్లుగా మార్చి దాచిన కొన్ని రికార్డుల సంగతి మాత్రం తేలలేదు. అందులో 2,400 అని ఉన్నది ఆరు రౌండ్లా, లేక నిజంగా వేరేచోట నడిచిన 2,400 మీటర్లా అన్నది గోడ క్యాలెండరు చూస్తేగానీ తెలియదు.

ఇలా పాత లెక్కలు మారుతూ ఉంటాయి కాబట్టి రోజువారీ మొత్తాలను ఎక్కడ దాచాలన్న ప్రశ్న వచ్చింది. గత నెల ఉత్సాహం ఎక్కువై, ఏ రెండు తేదీల మధ్య మొత్తాన్నైనా చకచకా చెప్పే ఫెన్విక్ ట్రీ ఒకటి రాశాను. మధ్యలో ఏ రోజు విలువ మారినా అది కొద్ది అడుగుల్లోనే సర్దుకుంటుంది, రాయడం కూడా సరదాగా ఉంటుంది. కానీ మూడేళ్ల డేటా అంటే 1,096 రోజులు, పదేళ్లయినా 3,650 చిల్లర. అంత చిన్న వరుసను మొదటి నుంచి చివరిదాకా కూడినా ఫోను కనురెప్ప వాల్చదు. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమని ఒప్పుకుని ఈ రోజు దాన్ని తీసేశాను. దాని స్థానంలో రోజు సంఖ్య, రకం, మొత్తం ఉండే ఒక సారాంశం టేబుల్ ఉంది. ముడి రికార్డు మారితే ఆ రోజు వరస చెరిపి మళ్లీ రాయడం, సూత్రమే మారితే టేబుల్ మొత్తం పారేసి మళ్లీ నింపడం. బ్యాకప్ ఫైలులో ఈ టేబుల్‌ను చేర్చడం లేదు.

ఒక్క బరువు ధోరణి దగ్గర మాత్రం ఆ రోజు వరస ఒకటి దిద్దితే సరిపోదు. రోజూ కిలో అటూఇటూ ఊగే అంకెను చూసి నాన్నగారు కంగారుపడతారని, నిన్నటి ధోరణికీ ఈ రోజు కొలతకూ ఉన్న తేడాలో పదో వంతు మాత్రమే ముందుకు జరిపే సగటును చూపుతున్నాను. ధోరణి 72.0 ఉండి ఈ రోజు 72.8 వస్తే, కొత్త ధోరణి 72.08. ఆయన అయిదు రోజుల తర్వాత మిషను ఎక్కితే పదో వంతు చాలదు, 0.9ని అయిదుసార్లు గుణిస్తే వచ్చే 0.59ని ఒకటి నుంచి తీసేసి, తేడాలో 0.41 వంతు జరపాలి, అప్పుడు 72.33. ప్రతి రోజు విలువా ముందు రోజు మీద ఆధారపడుతుంది కాబట్టి పాత కొలత ఒకటి దిద్దితే అక్కడి నుంచి ఈనాటి దాకా మళ్లీ లెక్కించాలి.

మార్చి 23, ఆదివారం

తిండి లెక్కను ఈ విడతలో పెట్టడం లేదు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో తెచ్చిన భారతీయ ఆహార పదార్థాల పోషక విలువల పట్టికలో 528 పదార్థాలున్నాయి, శక్తి కిలోజౌళ్లలో ఉంటుంది, 4.184తో భాగిస్తే కిలోకేలరీలు వస్తాయి; అంతవరకు సులభం. కానీ మనం తినేది పదార్థాన్ని కాదు, వంటకాన్ని. ఉప్మా పెసరట్టు తీసుకుంటే పెసరట్టు ఒక వంటకం, దాని లోపల ఉప్మా మరో వంటకం, ఉప్మాలో తాలింపు ఉంది. వంటకంలో వంటకం ఉండే ఈ నిర్మాణానికి గ్రాఫు (గీతల బొమ్మ కాదు, దేనిలో ఏది ఉందో చూపే ముడుల అల్లిక) కావాలి, ఏ వంటకమూ చుట్టూ తిరిగి తనలోనే తాను చేరకుండా చూసుకోవాలి, ఉడికితే బరువు ఎంత పెరుగుతుందన్నది వంటకానికొకటి రాసుకోవాలి. అమ్మ ‘ఒక గరిటె’ అంటే ఎన్ని గ్రాములో కొలిచే పని వేసవికి వాయిదా.

మార్చి 30, ఉగాది

కొత్త వెర్షన్ నలుగురి ఫోన్లలోనూ ఉంది. వారం రోజులుగా ఎవరి నుంచీ ఫిర్యాదు లేదు. నాన్నగారు యాప్‌లో రాస్తూనే గోడమీదా రాస్తున్నారు. రెండూ సరిపోతున్నాయేమో చూద్దామని పచ్చడి తిన్నాక కొత్త క్యాలెండరు ముందు నిలబడి ఒక్కో గడీ యాప్‌తో పోల్చుతూ వచ్చాను. నిన్నటి గడి దగ్గర ఆగాను. గోడమీద ‘4½ రౌం, మోకాలు’ అని ఉంది, యాప్‌లో 4 అని ఉంది.

‘అందులో అర కొట్టనిస్త లేదురా, అందుకే నాలుగే కొట్టిన’ అన్నారు నాన్నగారు, పచ్చడి గిన్నె కడుగుతూ.

రౌండ్లంటే లెక్కపెట్టేవే కదా అని విలువను పూర్ణాంకంగా పెట్టి, కీబోర్డులో చుక్కను కూడా తీసేసింది నేనే. బరువును గ్రాముల్లోకి దించినట్టు రౌండును కూడా చిన్న భాగాల్లోకి దించాలి. వందో వంతులైతే ఆయన రేపు ‘పావు తక్కువ అయిదు’ అని రాసినా 475గా పడుతుంది. ‘మోకాలు’ అన్న మాటకూ, జనవరి నుంచి చోటు దొరక్క బయటే ఉన్న ‘ఊరు’ అన్న మాటకూ కలిపి ఒక గమనిక కాలమ్. పాత టేబుళ్లను కొత్త రూపానికి మార్చే తొమ్మిదో మైగ్రేషన్‌ను బస్సు ఎక్కేలోపు రాయాలి. ఈ వారం ఆయన యాప్‌లో అర వదిలేసిన రోజులు ఇంకెన్ని ఉన్నాయో గోడ చూసి ఎక్కించాలి, మూలం ‘గోడ’ అని రాసి, క్షణం నల్‌గా ఉంచి.